అన్నభేది, ఈడీటీఏ, ఈడీడీహెచ్‌ఏ: తెల్లబడుతున్న మొక్కకు ఏ ఇనుము కొనాలి?

ఇనుము అందకపోతే మొక్క చిగురు పసుపుబారి తెల్లబడుతుంది. ఎరువుల దుకాణంలో మొక్కలకిచ్చే ఇనుము ముఖ్యంగా మూడు రూపాల్లో దొరుకుతుంది. లేత ఆకుపచ్చ స్ఫటికాలుగా ఉండే అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్, మొదటిది. పసుపు పొడిగా వచ్చే ఈడీటీఏ చీలేట్ రెండోది. చీలేట్ అంటే ఇనుమును ఒక సేంద్రియ అణువు పట్టుకుని, తుప్పుగా మారకుండా కరిగి ఉండేలా చూసే రూపం. నలుపు కలిసిన ముదురు ఎరుపు గుళికల ఈడీడీహెచ్‌ఏ చీలేట్ మూడోది. కిలో ధర చూస్తే అన్నభేది అన్నిటికన్నా చవక, ఈడీటీఏ దానికి చాలా రెట్లు, ఈడీడీహెచ్‌ఏ ఇంకా పైన. ఇనుము శాతం మాత్రం దీనికి తలకిందులు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అన్నభేదిలో కనీసం 19 శాతం, ఈడీటీఏలో కనీసం 12 శాతం ఇనుము ఉండాలి. ఈడీడీహెచ్‌ఏ ప్యాకెట్ల మీద సాధారణంగా కనిపించేది 6 శాతమే.

ఎక్కువ డబ్బు పెట్టి తక్కువ ఇనుము ఎందుకు కొనాలి? కొన్నిచోట్ల తప్పకుండా కొనాలి, చాలాచోట్ల అక్కర్లేదు. తీర్పు ముందే చెప్పేద్దాం. ఆకు మీద పిచికారీకి అన్నభేది, నిమ్మ ఉప్పు జోడీని మించింది లేదు. సున్నపు నేలలో చెట్టు వేరుకు ఇనుము అందించాలంటే ఈడీడీహెచ్‌ఏ ఒక్కటే నమ్మదగినది. ఈడీటీఏ సరైన చోటు కొబ్బరి పొట్టు మిశ్రమం, నీటి సాగు, పీహెచ్ 6.5 దాటని నేల. వరి, మొక్కజొన్న, జొన్న లాంటి గడ్డిజాతి పైర్ల వేళ్లకు ఈడీడీహెచ్‌ఏ పోస్తే ఖర్చుకు తగ్గ ఫలితం రాదు. ఈ నాలుగు మాటల వెనక ఉన్నది ఒకటే విషయం: మట్టి నుంచి లేత ఆకు దాకా ఇనుము వెళ్లే దారిలో ఎక్కడ ఆగిపోయింది అన్నది. అది తెలిస్తే దుకాణంలో ఎవరు ఏది అంటగట్టబోయినా ఇబ్బంది ఉండదు.

మట్టిలో ఇనుముకు కొరత లేదు. ఎకరం నేల పైపొర, 15 సెంటీమీటర్ల లోతు వరకు, సుమారు 9 లక్షల కిలోల మట్టి. అందులో 3 శాతం ఇనుమనుకున్నా 27 టన్నులు. పైరు ఒక పంటకాలంలో తీసుకునేది కిలోకు లోపే. అయినా ఆకు తెల్లబడుతుంది, ఎందుకంటే గాలి ఆడే నేలలో ఆ ఇనుమంతా ఫెర్రిక్ ఆక్సైడ్ రూపంలో, అంటే తుప్పుగా ఉంటుంది. నేల పీహెచ్ ఒక్క అంకె పెరిగితే ఫెర్రిక్ ఇనుము కరిగే మోతాదు వెయ్యో వంతుకు పడిపోతుంది. పీహెచ్ 8 ఉన్న సున్నపు నేలలో వేరు చుట్టూ ఇనుమే ఉన్నా నీటిలో కరిగి ఉన్నది దాదాపు శూన్యం. కుండీలో తుప్పుపట్టిన మేకులు పాతిపెట్టమనే చిట్కా పనిచేయనిది అందుకే. మొక్క చుట్టూ ఇప్పటికే ఉన్నది తుప్పే కదా.

వేరు ఊరుకోదు. వేరుశనగ, బత్తాయి, మినుము, టమాటా, గులాబీ లాంటివి ఒక పద్ధతిలో పోరాడతాయి. ఇనుము తగ్గగానే వేరు కొసలు ఆమ్లాన్ని, కొన్ని ఫినాలిక్ పదార్థాలను బయటికి వదులుతాయి. కరిగిన ఫెర్రిక్ ఇనుమును వేరు పైపొరలోని రిడక్టేజ్ ఎంజైము ఫెర్రస్‌గా, అంటే సులువుగా కరిగే రూపంలోకి, మారుస్తుంది. దాన్ని ఐఆర్‌టీ1 అనే వాహక ప్రోటీను లోపలికి లాక్కుంటుంది. ఈ ప్రోటీను జన్యువును 1996లో, రిడక్టేజ్ జన్యువును 1999లో, ప్రయోగశాలల్లో పరిశోధనకు వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో గుర్తించారు. ఐఆర్‌టీ1 అంత ఖచ్చితమైన వాహకం కాదు. ఇనుముతో పాటు జింకును, మాంగనీసును, ఆఖరికి కాడ్మియంను కూడా తీసుకుంటుంది. ఇనుము కరువులో ఉన్న మొక్క ఆకుల్లో మిగతా లోహాలు పెరగడానికి కారణం ఇదే.

ఈ యంత్రాంగాన్ని పడగొట్టేది బైకార్బొనేట్. సున్నపు నేలలో నీరు నిలిచి గాలి ఆడకపోతే వేళ్లు వదిలే బొగ్గుపులుసు వాయువు బయటికి పోలేక బైకార్బొనేట్‌గా పేరుకుంటుంది. వేరు వదిలిన ఆమ్లాన్ని అది అక్కడికక్కడే చంపేస్తుంది, రిడక్టేజ్ పని మందగిస్తుంది. పెద్ద వానల తర్వాత వారంలో నల్లరేగడి వేరుశనగ ఒక్కసారిగా పసుపుబారి, నేల ఆరాక కొంత తేరుకోవడం చాలాచోట్ల కనిపిస్తుంది. అలాంటప్పుడు ముందు కాలువ తీసి నీరు బయటికి పంపాలి. ఇనుము కొనడం ఆ తర్వాతి మాట.

గడ్డిజాతి పైర్ల దారి వేరు. జపాన్ శాస్త్రవేత్త తకగి 1976లో వరి, ఓట్ల వేళ్లు కడిగిన నీటిలో ఇనుమును పట్టుకునే పదార్థాలున్నట్టు చూపించారు. తర్వాత వాటికి ఫైటోసిడరోఫోర్లు అన్న పేరు స్థిరపడింది. మ్యుజినిక్ ఆమ్లం వీటిలో ప్రసిద్ధమైనది. మొక్క వీటిని మిథియోనిన్ నుంచి తయారుచేసి మట్టిలోకి వదులుతుంది. అవి ఫెర్రిక్ ఇనుమును చుట్టుకుంటాయి, ఆ జంట మొత్తాన్ని వేరు లోపలికి తీసుకుంటుంది. దీన్ని తీసుకెళ్లే వైఎస్1 ప్రోటీనును మొక్కజొన్నలో 2001లో గుర్తించారు. బార్లీ ఈ పదార్థాలను ధారాళంగా వదులుతుంది, వరి చాలా తక్కువ. అందుకే మెట్ట నారుమడిలో వరి అంత తొందరగా తెల్లబడుతుంది. నీరు నిలిచిన మాగాణిలో వరికి ఈ బాధ లేదు. గాలి ఆడని బురదలో ఇనుము దానంతటదే ఫెర్రస్‌గా మారుతుంది, వరి దాన్ని నేరుగా తీసుకోగలదు.

వేరు లోపలికి వచ్చాక అసలు రవాణా మొదలవుతుంది. ఇనుము స్వేచ్ఛగా తిరగడం మొక్కకు ప్రమాదం. విడి ఇనుము హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిస్తే కణాన్ని కాల్చేసే హైడ్రాక్సిల్ రాడికల్స్ పుడతాయి. అందుకే దారి పొడవునా ఇనుముకు ఒక తోడు ఉంటుంది. వేరు నుంచి పైకి దారువులో, అంటే నీటిని మోసే నాళాల్లో, వెళ్లేటప్పుడు ఆ తోడు సిట్రేట్, అంటే నిమ్మ ఉప్పులో ఉన్న ఆమ్లమే. దారువులో సిట్రేట్‌ను వదిలే ప్రోటీను చెడిపోయిన అరబిడాప్సిస్ మొక్కల్లో ఇనుము వేరు మధ్యభాగంలో పేరుకుంటుంది, ఆకులు మాత్రం పసుపుబారతాయి. ఆకు నుంచి కొసలకు, గింజకు పోషక కణజాలం ద్వారా వెళ్లేటప్పుడు తోడు నికోటియనమైన్ అనే చిన్న అణువు. ఇది ఎక్కువైతే గింజకు వెళ్లే ఇనుమూ పెరుగుతుందని వరిలో చేసిన ప్రయోగాల్లో తేలింది.

వాడకానికి మించిన ఇనుమును మొక్క రెండుచోట్ల దాస్తుంది. ఒకటి ఫెర్రిటిన్. 24 ఉపభాగాలతో ఏర్పడిన ఈ బోలు గోళంలో 4500 దాకా ఇనుప పరమాణువులు పడతాయి. మొక్కల్లో ఇది ఎక్కువగా ప్లాస్టిడ్లలో, ఆకులో అయితే హరితరేణువుల్లో ఉంటుంది. రెండోది కణం మధ్యలో ద్రవంతో నిండిన సంచి, రిక్తిక. చిక్కుడు జాతి గింజల్లో ఫెర్రిటిన్ నిల్వ గణనీయం. అరబిడాప్సిస్ విత్తనంలో మాత్రం ఎక్కువ భాగం రిక్తికల్లోనే. అక్కడికి ఇనుమును చేర్చే వీఐటీ1 ప్రోటీను పనిని 2006లో వివరించారు. మొలక మొదటి రోజులు ఈ నిల్వ మీదే గడుస్తాయి. నారు మొలిచినప్పుడు పచ్చగానే ఉండి, నిల్వ అయిపోయాక కొత్తగా వచ్చే ఆకులు తెల్లబడటం ఇందువల్లే. విత్తనం చెడ్డదని ఆ దశలో దుకాణదారుతో గొడవపడితే లాభం లేదు.

కొనేవాళ్లకు ఇందులో ముఖ్యమైనది: ముదురు ఆకులో ఒకసారి కుదురుకున్న ఇనుము లేత ఆకుకు సులువుగా తిరిగి రాదు. నత్రజని, మెగ్నీషియం అలా కాదు, పాత ఆకు నుంచి కొత్త ఆకుకు తరలిపోతాయి. కాబట్టి ఇనుము లోపం ఎప్పుడూ చిగురులో మొదలవుతుంది. ఈనెలు పచ్చగా, ఈనెల మధ్య భాగం పసుపుగా, ముదిరితే పాలలా తెల్లగా. ఆకు మీద కొట్టిన ఇనుము కూడా పడినచోటనే పచ్చబరుస్తుంది, రేపు వచ్చే చిగురుకు చేరేది చాలా తక్కువ. పిచికారీ ఒక్కసారితో సరిపెట్టుకోలేమని చెప్పేది దీన్నిబట్టే.

కొనే ముందు లోపం ఇనుముదేనా అని తేల్చుకోవాలి. కింది ఆకులు ముందు పసుపుబారితే నత్రజని లేదా మెగ్నీషియం. చిగురాకు ఈనెలతో సహా ఒకేలా లేతపసుపైతే గంధకం. బత్తాయి చిగురులో ఆకులు చిన్నవై, సన్నగా, ఈనెల మధ్య మచ్చలు మచ్చలుగా పసుపుంటే జింకు. మినుము, పెసరలో ఎగుడుదిగుడు పసుపు మచ్చలు చెదురుగా ఉంటే అది పల్లాకు తెగులు, వైరస్. ఎంత ఇనుము పోసినా పోదు. అనుమానం మిగిలితే చవకైన పరీక్ష ఒకటుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు లెక్కన కొంచెం ద్రావణం కలిపి, మెత్తటి కుంచెతో నాలుగైదు చిగురాకుల సగభాగానికే పూయండి. వారంలోపు పూసిన సగం పచ్చబడి మిగతా సగం అలాగే ఉంటే లోపం ఇనుముదే. పూర్తిగా తెల్లబడి అంచులు ఎండిన ఆకును దీనికి ఎంచుకోవద్దు, అది కోలుకునే దశ దాటింది.

ఆకును ప్రయోగశాలకు పంపేవాళ్లు మొత్తం ఇనుము అంకెను నమ్మి మోసపోతుంటారు. పొడి బరువులో కిలోకు 50 మిల్లీగ్రాములు దాటితే చాలంటారు. సున్నపు నేలల్లో మాత్రం పసుపాకులో కూడా 100 చూపించవచ్చు. ఇనుము ఆకు దాకా వచ్చి కణాల బయటే ఇరుక్కుపోయి ఉంటుంది, ఆకు ఎదగలేక చిన్నదైతే అంకె ఇంకా పెద్దగా కనిపిస్తుంది. దీనికి మందుగానే కత్యాల్, శర్మ 1980లో తాజా ఆకు నుంచి ఆర్థోఫెనాంత్రోలిన్ అనే రసాయనంతో చురుకైన ఫెర్రస్ ఇనుమును కొలిచే పద్ధతి చూపించారు. ఆ పరీక్ష చేసే చోటు దొరికితే దాన్నే అడగండి. మట్టి పరీక్షలో డీటీపీఏ ఇనుము, అంటే డీటీపీఏ అనే మరో చీలేట్ పదార్థంతో మట్టిలోంచి లాగి కొలిచేది, కిలోకు 4.5 మిల్లీగ్రాములకు తగ్గితే లోపం అంటారు. ఆ అంకెతో పాటు పీహెచ్, సున్నం శాతం కూడా అడగాలి. ఇంటి దగ్గర తెలుసుకోవాలంటే మట్టి మీద ఘాటైన వెనిగర్ గానీ పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం గానీ నాలుగు చుక్కలు వేయండి. బుసబుస పొంగితే నేలలో సున్నం ఉన్నట్టే.

ఇక అన్నభేది. మంచి సరుకు లేత నీలం కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. పొడిగాలికి పైన తెల్లటి పొడి పడితే కంగారు అక్కర్లేదు, స్ఫటికంలోని నీరు కొంత పోయిందంతే. గోధుమ రంగు, పసుపు పొడి కనిపిస్తే మాత్రం ఫెర్రస్ ఫెర్రిక్‌గా మారుతున్నట్టు. ఉత్తర్వు ప్రకారం ఫెర్రిక్ ఇనుము అర శాతం మించకూడదు. కొన్న సంచిలోంచి ఒక చెంచా తీసి గ్లాసు శుద్ధి చేసిన నీటిలో వేస్తే తేటగా, లేత పచ్చగా కరగాలి. వెంటనే మురికి పసుపుగా తయారైతే ఆ సంచి వద్దు. శుద్ధి చేసిన నీరు అనడానికి కారణముంది: బోరు నీటిలో మంచి సరుకు కూడా గోధుమగా మారుతుంది.

వేరుశనగకు ఆంధ్ర, తెలంగాణల్లో వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పే మోతాదు ఎకరానికి 200 లీటర్ల నీటిలో 1 కిలో అన్నభేది, 200 గ్రాముల నిమ్మ ఉప్పు, వారం వ్యవధిలో రెండుసార్లు. 16 లీటర్ల ట్యాంకుకు 80 గ్రాములు, 16 గ్రాములు అవుతుంది. మెట్ట వరికి లీటరుకు 20 గ్రాముల దాకా చెబుతారు. ముదిరిన లోపానికి అది సరే గానీ, నారు లేతగా ఉంటే 5 గ్రాములతో మొదలుపెట్టి, రెండు రోజులు చూసి పెంచడం క్షేమం.

అన్నభేదికి వచ్చిన చెడ్డపేరులో చాలా భాగం కలిపే వరసలోని తప్పువల్లే. ముందు నీరు, తర్వాత నిమ్మ ఉప్పు, అది పూర్తిగా కరిగి పీహెచ్ కాగితం 5 కంటే కిందికి చూపించాకే అన్నభేది. బోరు నీటిలో నేరుగా అన్నభేది పోస్తే బైకార్బొనేట్ పీహెచ్‌ను పైనే ఉంచుతుంది, ఫెర్రస్ ఇనుము గాలితో కలిసి ఫెర్రిక్ హైడ్రాక్సైడ్‌గా అడుగుకు దిగుతుంది. ఆ గోధుమ మడ్డి నాజిల్ జల్లెడలో ఇరుక్కుంటుంది, ఆకు మీద తుప్పు మచ్చలవుతుంది, లోపలికి మాత్రం పోదు. లీటరుకు 400 మిల్లీగ్రాముల వరకు బైకార్బొనేట్ ఉన్న నీటికి 1 గ్రాము నిమ్మ ఉప్పు సుమారుగా చాలు. అంతకంటే ఎక్కువ బైకార్బొనేట్ ఉన్న బోరుకు 1.5 గ్రాములు, ఒక్కోసారి 2 గ్రాములు పడుతుంది. అంకె తెలియకపోతే ఒక బకెట్ నీటితో పీహెచ్ కాగితం పెట్టి చూసుకోవడం అయిదు నిమిషాల పని.

నిమ్మ ఉప్పు చేసే రెండో పనిని చాలామంది గుర్తించరు. కణాల బయట ఇరుక్కున్న పాత ఇనుము, ఆకు లోపలి రసంలో ఆమ్లం పెరిగితే కొంత విడుదలవుతుంది. ఉత్త ఆమ్లం పలుచగా కొట్టినా సున్నపు నేలల్లో ఆకు కొద్దిగా పచ్చబడుతుంది. నిమ్మ ఉప్పు ఖర్చు మిగిల్చుకుందామని మానేస్తే అన్నభేది సగం బలం పోయినట్టే.

కలిపిన ద్రావణం ఆ పూటే వాడాలి. సాయంత్రం, ఎండ తగ్గాక, ఆకు ఎక్కువసేపు తడిగా ఉండేలా కొట్టాలి. మంట ఎండలో కొడితే నీరు ఆరి ఉప్పు చిక్కబడి అంచులు మాడతాయి. డీఏపీ, మోనో అమ్మోనియం ఫాస్ఫేట్ లాంటి భాస్వరం ఎరువులు అదే ట్యాంకులో వేస్తే ఇనుప ఫాస్ఫేట్‌గా గడ్డకడుతుంది. బోర్డో మిశ్రమం లాంటి క్షార మందులతో అస్సలు కలపవద్దు. పురుగు మందులతో కూడా కలపకపోవడమే మేలు. వరి, ఉల్లి ఆకుల మీద చుక్క నిలవదు కాబట్టి తడిపే జిగురు ద్రావణం ప్యాకెట్ మీద ఉన్న మోతాదులో చేర్చాలి. కాయలున్న జామ, ద్రాక్షకు కొడితే కాయ మీద నల్లటి మచ్చలు పడి ధర పోతుంది. బట్టలకు, గచ్చుకు అంటిన మరక వదలదు.

అన్నభేదిని నేలకు వేయడం గురించి నిర్మొహమాటంగా చెప్పాలి. ఎకరానికి 10 కిలోలు చల్లితే అందే ఇనుము 1.9 కిలోలు. మట్టిలో ఉన్న 27 టన్నుల పక్కన అది ఎంత? సున్నపు నేలలో కొద్దిరోజుల్లో అదీ తుప్పులో కలిసిపోతుంది. బాగా చివికిన పశువుల ఎరువులో కలిపి, కొన్నాళ్లు మాగనిచ్చి, చాలులో గానీ చెట్టు పాదులో గానీ ఒకేచోట పెడితే కొంత ప్రయోజనం ఉంటుంది. సేంద్రియ ఆమ్లాలు ఇనుమును పట్టి ఉంచుతాయి. చల్లడానికి మాత్రం కొనవద్దు.

ఈడీటీఏ మంచి సరుకే, చాలాసార్లు తప్పు చోట వాడుతున్నారు. దీని పట్టు పీహెచ్ సుమారు 6.5 వరకే. అది దాటిన నేలలో కాల్షియం వచ్చి ఇనుమును తోసేసి ఈడీటీఏను తాను పట్టుకుంటుంది. ఇనుము మళ్లీ తుప్పు. కాబట్టి సున్నపు నేలలో డ్రిప్ ద్వారా ఈడీటీఏ పంపడం డబ్బును మట్టిలో పోయడమే. కొబ్బరి పొట్టు మిశ్రమంలో, పీహెచ్ 5.5 నుంచి 6.0 మధ్య నడిపే నీటి సాగులో దీన్ని మించిన సౌకర్యం లేదు. 1000 లీటర్ల ట్యాంకులో 2 పీపీఎం, అంటే లీటరుకు 2 మిల్లీగ్రాముల, ఇనుము కావాలంటే 2 గ్రాముల ఇనుము, అంటే 12 శాతం ఈడీటీఏ దాదాపు 17 గ్రాములు. వెలుతురు తగిలితే చీలేట్ విరిగిపోతుంది, ట్యాంకు నల్లటిదో మూత ఉన్నదో అయి ఉండాలి. పిచికారీకి లీటరుకు అర గ్రాము నుంచి 1 గ్రాము. ఆకు మాడే భయం తక్కువ, మరక తక్కువ, కలపడం తేలిక. అయితే 200 లీటర్లలో దీనివల్ల పడే ఇనుము 12 నుంచి 24 గ్రాములు, అదే అన్నభేదితో 190 గ్రాములు. పూలతోటకు, షేడ్‌నెట్ కూరగాయలకు ఈడీటీఏ పిచికారీ సరిపోతుంది. ఎకరాల వేరుశనగకు అన్నభేదే.

ఈడీడీహెచ్‌ఏ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇక్కడ తప్పు చేస్తే పోయేది పెద్ద మొత్తం. ఈ చీలేట్ పీహెచ్ 9 దగ్గర కూడా ఇనుమును వదలదు, కాల్షియం దాన్ని కదిలించలేదు. వేరు దగ్గరికి కరిగిన రూపంలోనే చేరుతుంది. అక్కడ బత్తాయి వేరు రిడక్టేజ్ ఇనుమును ఫెర్రస్‌గా మార్చి విడదీసుకుని లోపలికి తీసుకుంటుంది. ఖాళీ అయిన ఈడీడీహెచ్‌ఏ అణువు బయటే ఉండి మట్టిలోంచి మరో ఇనుప పరమాణువును పట్టుకొస్తుంది. ఊరి నుంచి జనాన్ని చేరవేసి ఖాళీగా వెనక్కి వెళ్లే ఆటో లాంటిది ఇది. 50 గ్రాముల ప్యాకెట్‌లో ఉన్నది 3 గ్రాముల ఇనుమే అయినా చెట్టు పచ్చబడటానికి ఈ రాకపోకలూ ఒక కారణం.

గడ్డిజాతికి ఇది పనికిరాని కారణం కూడా ఇక్కడే ఉంది. ఫైటోసిడరోఫోర్ ఈ ఇనుమును తీసుకోవాలంటే ఈడీడీహెచ్‌ఏ పట్టులోంచి గుంజుకోవాలి. ఆ పట్టు చాలా గట్టిది, మార్పిడి నత్తనడకన సాగుతుంది. మొక్కజొన్నకు, జొన్నకు ఆకు మీద అన్నభేది పిచికారీయే దారి.

కొనేటప్పుడు లేబుల్ మీద రెండు అంకెలు వెతకాలి. మొత్తం ఇనుము 6 శాతం అన్నది మొదటిది. అందులో ఆర్థో-ఆర్థో రూపంలో (ఈడీడీహెచ్‌ఏ అణువు అమరికల్లో ఇనుమును గట్టిగా పట్టుకునేది) ఎంత అన్నది రెండోది, అసలు విలువ దానిదే. 4.8 ఉంటే చాలా మంచి సరుకు, 2 దగ్గర ఉంటే ధర కూడా ఆ మేరకు తక్కువ ఉండాలి. ఆర్థో-పారా రూపం త్వరగా పనిచేస్తుంది గానీ సున్నపు నేలలో నిలవదు. రెండో అంకె అసలు రాయని ప్యాకెట్‌ను పక్కన పెట్టడమే మంచిది. ఇంట్లో చేయగల చిన్న పరీక్ష: చిటికెడు గుళికలు గ్లాసు నీటిలో వేస్తే ముదురు ఎరుపు ద్రావణం రావాలి. అందులో అర చెంచా వంటసోడా కలిపి రాత్రంతా చీకట్లో ఉంచితే రంగు చెదరకూడదు, అడుగున గోధుమ మడ్డి పడకూడదు. మడ్డి పడితే లోపల ఉన్నది వేరే ఏదో. మడ్డి పడనంత మాత్రాన ఆర్థో-ఆర్థో వాటా తెలిసిపోదు, దానికి ప్రయోగశాలే గతి.

వాడే సమయం చిగురు పగలబోయే ముందు. కొత్త వేళ్లు కూడా ఆ రోజుల్లోనే చురుకుగా ఉంటాయి, రిడక్టేజ్ ఉండేది లేత వేరు కొసల్లోనే. ఎదిగిన బత్తాయి చెట్టుకు 30 నుంచి 50 గ్రాములు 10, 15 లీటర్ల నీటిలో కరిగించి, చెట్టు నీడ అంచు లోపల గుండ్రంగా 10 సెంటీమీటర్ల లోతు గాడి తీసి పోసి మట్టి కప్పేయాలి. పైన వదిలేస్తే ఎండకు చీలేట్ విరుగుతుంది. డ్రిప్‌లో అయితే నీరు పెట్టే సమయంలో చివరి మూడో వంతులో వెంచురీ (ఎరువు ద్రావణాన్ని డ్రిప్ గొట్టంలోకి పీల్చే పరికరం) ద్వారా పంపి, ఆ తర్వాత పది నిమిషాలు ఉత్త నీరు వదలాలి. మొదట్లోనే పంపితే తర్వాతి నీరు దాన్ని వేళ్ల కిందికి తోసేస్తుంది. ఇది మట్టికి అంటుకోదు, అదే దీని బలం, వానాకాలంలో అదే బలహీనత. పెద్ద వాన సూచన ఉన్న వారంలో పోయవద్దు. పచ్చదనం రెండు మూడు వారాల్లో కొత్త చిగురులో చూడాలి. పాత తెల్లాకులను చూసి మందు పనిచేయలేదని రెండోసారి పోయడం అనవసరం.

ఆకు మీద ఈడీడీహెచ్‌ఏ కొట్టమనేవాళ్లను నమ్మవద్దు. దీని గొప్పతనం ఎక్కువ పీహెచ్ మట్టిలో నిలవడం. ఆకు మీద ఆ అవసరమే లేదు, పైగా ఎండ దాన్ని నాశనం చేస్తుంది.

కుండీల్లో నూరువరహాలు, మందారం, నిమ్మ, గులాబీ పెంచేవాళ్లకు 12 అంగుళాల కుండీకి 1 నుంచి 2 గ్రాములు లీటరు నీటిలో కలిపి పోస్తే చాలు. అమెరికాలో డాలస్, ఫీనిక్స్ వైపు సున్నపు కుళాయి నీటితో కరివేపాకు పెంచే మనవాళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. అక్కడ తోట సామాన్ల దుకాణంలో ఐరన్ చీలేట్ అని రాసి ఉన్న సీసా చాలాసార్లు ఈడీటీఏ లేదా డీటీపీఏ అయి ఉంటుంది. డీటీపీఏ పట్టు పీహెచ్ 7.5 దగ్గర సడలుతుంది. వెనక చిన్న అక్షరాల్లో ఈడీడీహెచ్‌ఏ అన్న పేరు కనిపిస్తేనే తీసుకోండి.

మిగతావాటి గురించి క్లుప్తంగా. సూక్ష్మపోషకాల మిశ్రమాల్లో ఇనుము కొద్దిగా ఉంటుంది, లోపం రాకుండా చూడటానికి సరే, వచ్చిన లోపాన్ని తిప్పలేవు. నేల పీహెచ్‌నే దించేద్దామని గంధకం కొనేవాళ్లు ఒక లెక్క వేసుకోవాలి. నేలలో సున్నం 1 శాతమే ఉన్నా ఎకరం పైపొరలో 9 టన్నులు. దాన్ని కరిగించడానికి దాదాపు 2.9 టన్నుల గంధకం కావాలి. కుండీకి, పాదుకు గంధకం ఆలోచించవచ్చు, పొలానికి కాదు. నత్రజనిని నైట్రేట్ బదులు అమ్మోనియం సల్ఫేట్ రూపంలో ఇస్తే వేరు చుట్టూ కొంత ఆమ్లం పెరిగి ఇనుము అందుతుంది, అదనపు ఖర్చు లేని ఉపాయం. కొత్తగా బత్తాయి తోట వేసేవాళ్లు అంటు కొనేటప్పుడే వేరుమొక్క, అంటే అంటుకు వేరునిచ్చే కింది మొక్క, ఏదని అడగాలి. రంగపూర్ నిమ్మ సున్నాన్ని బాగానే తట్టుకుంటుంది, ట్రైఫోలియేట్ అసలు తట్టుకోదు. సరైన వేరుమొక్క ఎంచుకున్న తోటకు తర్వాత ఏళ్లలో ఈడీడీహెచ్‌ఏ బిల్లు బాగా తగ్గుతుంది.

నాట్లు వేసిన మాగాణి వరిలో ఆకులు ఇటుక రంగు చుక్కలతో కంచు రంగుకు తిరిగితే ఏ ఇనుమూ కొనవద్దు. ఆమ్ల స్వభావమున్న, మురుగు పోని ఎర్ర నేలల్లో ఇది ఫెర్రస్ ఇనుము ఎక్కువైనందువల్ల వచ్చే విషప్రభావం. ఫెర్రిటిన్, రిక్తికలు నిండిపోయి మిగిలిన ఇనుము కణాలను కాలుస్తుంటుంది. అక్కడ నీరు తీసి పొలాన్ని ఆరబెట్టాలి, పొటాష్ తగ్గకుండా చూడాలి.

తెరిచిన ప్యాకెట్ల సంగతి: అన్నభేదిని గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో, తేమ తగలకుండా ఉంచి, ఆ పంటకాలంలోనే వాడేయాలి. రేకు డబ్బాను అది తినేస్తుంది. చీలేట్లు రెండూ వెలుతురు పడనిచోట మూతపెట్టి ఉంచితే వచ్చే చిగురు దాకా నిలుస్తాయి. నీటిలో కలిపాక మాత్రం దేన్నీ దాచవద్దు.